అయితి దేశపు తంబు

మొన్న కూరగాయల మార్కెట్లో ఒకామె గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని అరచేత్తో రెండు దెబ్బలు వేసి, "మంచిగ ముదిరింది అక్కా, సప్పుడు ఇను" అంది. నాకు నవ్వు ఆగలేదు.

"ఏందక్కా, కాయను జూసి నవ్వుతున్నవ్?" అని ఆమె నొచ్చుకుంది.

కాయను చూసి కాదు. మా చర్చి సంఘంలో ఒకాయన ఉండేవాడు. గుమ్మడికాయ కనబడితే ధర అడగడు. ముందు వాయిస్తాడు. ఒకటి వాయించి, పక్కది వాయించి, రెంటినీ కలిపి వాయించి, తల ఊపి, "ఇది పాడుతది, గది పాడది" అని తేల్చి, పాడేదాన్నే కొనేవాడు. ఈ వానాకాలంలో ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. పరలోకంలో ముత్యాల గుమ్మాలు ఉన్నాయని చదివాను, వీణలు ఉన్నాయని చదివాను. గుమ్మడికాయల సంగతి మాత్రం ఎక్కడా లేదు. ఆయనకు అక్కడ ఎలా తోస్తోందో అని ఒక్కోసారి దిగులేస్తుంది.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక వీధిలో వాళ్ల నాన్న కట్టిన ఇల్లు. ఈయన కేంద్ర బలగాల్లో పనిచేసి వచ్చినవాడు. తుపాకి పట్టలేదు, గరిటె పట్టాడు. మెస్సులో వంట. ఎక్కడో సముద్రాల అవతల హైతీ దేశంలో గొడవలు జరుగుతుంటే మన వాళ్లను శాంతి కాపాడటానికి పంపారు. వాళ్లకు పప్పూ చపాతీలూ చేసి పెట్టడానికి ఈయన్ని పంపారు. తిరిగొచ్చాక రిటైరై మా మధ్య స్థిరపడ్డాడు.

వచ్చిన మొదటి ఆదివారం గుడి గేటు దగ్గర జరిగిన సంభాషణకు నేను సాక్షిని. అడిగింది మా సంఘపెద్ద యాకోబు కాక. బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరైనవాడు. బొగ్గు పొరల కింద మనుషుల్ని నడిపించిన గొంతు కాబట్టి మామూలుగా మాట్లాడినా పైకప్పు కూలుతోందని హెచ్చరిస్తున్నట్టే ఉంటుంది.

"ఏ దేశం వొయ్యొచ్చినవ్ రా?"

"అయితి."

"రిటైరైతివి, ఎరికే. దేశం ఏదంటున్న."

"అయితి కాకా."

"ఏమైతివి?"

"నేనేం గాలే. దేశమే అయితి."

"దేశమైతివా!" యాకోబు కాక నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. తగ్గించినా వీధంతా వినబడింది. "సర్వీసుల తలకాయకు ఏమన్న దెబ్బ తాకిందా బిడ్డా?"

హైతీ అని మనం అంటాం. అక్కడి జనం తమ దేశాన్ని అయితి అనే అంటారట. "పేరు వాళ్లది. పలుకుడు మనది ఎట్లయితది చెల్లె?" అనేవాడు నాతో. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు ప్రతి ఆదివారం లేచి "అయితి కోసం ప్రార్థించుండ్రి" అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఈయనకు ఏమైందో తెలియక, ఏదైనా కానీ స్వస్థత కలగాలని ప్రార్థించేవాళ్లు.

ఆ ఏడాదే ఇంటి గేటుకు సగం నీలం, సగం ఎరుపు వేశాడు. మా బొగ్గుబాయిల ఊళ్లో రంగును ఎవరూ ఊరికే వేసుకోరు. పైగా అది యూనియన్ ఎన్నికల కాలం. పొద్దున్నే ఎర్రజెండా వాళ్లు వచ్చి "సగమే ఎందుకన్నా, మొత్తం ఎయ్యి" అన్నారు. సాయంత్రం నీలిజెండా వాళ్లు వచ్చి "గా ఎర్రది తీసెయ్యన్నా, పెయింటు మేమిస్తం" అన్నారు. మర్నాడు ఇద్దరినీ పిలిచి, చాయ్ పోసి, ఆ జెండా కథ చెప్పాడు. వాళ్ల మీద పెత్తనం చేసిన దొరల జెండాలో నీలం, తెలుపు, ఎరుపు ఉండేవట. బానిసలు తిరగబడి, నడిమి తెలుపును చింపి పారేసి, మిగిలిన రెండు ముక్కల్నీ కలిపి కుట్టుకున్నారట. "దొరల్ని ఎల్లగొట్టి, బానిసలే సొంత దేశం పెట్టుకున్నరు. మోషే గూడ పక్కన లేడు. వాళ్లంతట వాళ్లే," అన్నాడు. ఎర్రజెండా నాయకుడు చాలాసేపు ఆలోచించి, "మరి వాళ్లకు డీఏ ఎంతుండెనన్నా?" అని అడిగాడు.

మోషే పక్కన లేడన్న మాట నాకు నచ్చలేదు. కనబడనంత మాత్రాన లేడనుకోకూడదని చెప్పాను. "గదీ నిజమే చెల్లె," అని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆదివారం బడిలో ఎర్రసముద్రం పాఠం చెప్పినప్పుడల్లా ఆ చింపిన తెల్లగుడ్డ నా కళ్ల ముందు ఎగిరేది.

ఆ దేశం ఆయనకు అంతగా ఎలా పట్టుకుందంటే, మెస్సులో కూరగాయలు తరగడానికి అక్కడి ముసలామె ఒకావిడ వచ్చేదట. ఈయన ఆమెను అవ్వా అని పిలిచేవాడు. మీ ఊళ్లో ఏం దొరుకుతుందని ఆమె అడిగితే, వచ్చిన నాలుగు ముక్కల్లో బొగ్గు అని చెప్పాడు. వాళ్ల దగ్గర బొగ్గు అంటే కొండల్లో కట్టె కాల్చి అమ్ముకునే బొగ్గు. తిండికి లేనివాళ్ల పని. అవ్వ కళ్లు చెమర్చాయి. తన తమ్ముడూ బొగ్గు కాల్చేవాడేనంది. ఈయన కంగారుపడి, అది కాదు, మా దగ్గర భూమి కింద ఉంటుంది, పెద్ద పెద్ద మిషన్లు, ఇంటి ఎత్తు లారీలు, వేల మంది పనివాళ్లు, ఆ బొగ్గుతోనే సగం దేశానికి కరెంటు అని చేతులతో చూపించాడు. ఆమె ఇంకా జాలిగా భుజం తట్టిందట, పేదరికం దాచుకోవడానికి బిడ్డ ఎంత గొప్పలు చెబుతున్నాడో అని. ఆ రోజు నుంచి ఈయన ఆమెకు కొడుకు. పాట నేర్పింది, అడుగు నేర్పింది, ఈస్టరునాడు వాళ్ల వీధికి తీసుకుపోయింది.

ఆ పాటలది కొంపా అనే రకం. ఫోను నిండా అవే. యాకోబు కాక కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించిన రోజు, ఈయన గుమ్మంలోకి అడుగుపెడుతూనే ఫోను పైకెత్తి, "కాకా, నీ ఇంటికి కొంపా తెచ్చిన" అన్నాడు. కాక భార్య అందించబోతున్న లడ్డూల పళ్లెం వెనక్కి లాక్కుంది. మన మాటల్లో కొంప వచ్చేదే మునగడానికి. "పాటకు గదేం పేరురా, మంచి పేరు దొర్కలేదా వాళ్లకు?" అని యాకోబు కాక ఆ పూటకు ఫోను గుంజుకుని జేబులో పెట్టుకున్నాడు. అది ఆపడం ఎలాగో ఆయనకు తెలియదు. పాస్టరు అయ్యగారు ఆశీర్వాదం చెబుతున్నంతసేపూ సంఘపెద్ద జేబులో కొంపా మోగుతూనే ఉంది.

ఆ మనిషి ఆడితే చూడాలి. పొట్ట ఉన్నవాడు, పొట్టివాడు. అయినా పాదాలు నేలను వదలకుండా, నడుము మాత్రం గోదావరిలో తెప్పలా మెల్లగా ఊగేది. "కాళ్లు డ్యూటీల ఉండాలె. నడుముకు సెలవియ్యాలె. గంతే చెల్లె." అన్నం వారుస్తూ ఆడేవాడు. బస్సు కోసం నిలబడి ఆడేవాడు. వాళ్లావిడ, నేను వదినా అని పిలిచే ఆవిడ, మొదట్లో సిగ్గుపడి చచ్చేది. తర్వాత "ఆయనకు గదొక వాయువు" అని అందరికీ చెప్పడం నేర్చుకుంది.

ఆడటం వచ్చు. వాయించడం రాదు. ఇది ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. అక్కడి నుంచి ఒక డోలు తెచ్చుకున్నాడు. నిలువుగా, మోకాలి ఎత్తున, ఒకవైపు తోలు. మా ఎండలకు మొదటి వేసవిలోనే ఆ తోలు పగిలిపోతే, ఊళ్లోనే డప్పులకు తోలు మూసేవాళ్ల దగ్గరికి తీసుకుపోయి మేకతోలు వేయించాడు. రోజూ సాయంత్రం వాకిట్లో కూర్చుని వాయించేవాడు. ఎక్కడ దెబ్బ పడుతుందని మనం ఎదురుచూస్తామో అక్కడ పడదు. పడదులే అనుకుని మనం కూర తిప్పుకుంటుంటే పడుతుంది. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం పేల్చే బ్లాస్టింగు నయం, దానికైనా ముందు సైరన్ ఉంటుంది.

ఆ డోలును వాళ్ల భాషలో తంబు అంటారట. మా కష్టమంతా అక్కడ మొదలైంది.

ఆ ఏడు ఉజ్జీవ సభలకు ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నాం. కుర్చీలు ఎవరు, భోజనాలు ఎవరు అని యాకోబు కాక ఒక్కొక్కరిని అడుగుతుంటే ఈయన లేచి, "నా దగ్గర తంబు ఉంది. మూడు పూటలూ తెస్త" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మా వైపు పాతవాళ్లు డేరాను తంబు అనే అంటారు. బలగాల్లో పనిచేసినవాడు, పెద్ద మిలటరీ డేరా ఏదో తెచ్చుకుని ఉంటాడని అనుకున్నాం. "ఎంతమంది పడుతరు?" అని యాకోబు కాక అడిగాడు. "ఎంతమందైనా కాకా. ఊరంత వస్తది," అన్నాడు. "వానకు ఆగుతదా?" "వానల ఇంకా మంచిగుంటది."

షామియానా చెప్పకుండా ఊరుకున్నాం.

సభల మొదటి సాయంత్రం మైదానం నిండా కుర్చీలు వేశాం. జనం వచ్చి కూర్చున్నారు. బయటి ఊరి నుంచి ప్రసంగీకుడు వచ్చాడు. మబ్బు పట్టింది. యాకోబు కాక గేటు దగ్గర నిలబడి పదిమందిని సిద్ధంగా పెట్టుకున్నాడు, డేరా దించి గుంజలు పాతడానికి. ఆటో వచ్చింది. అందులోంచి ఈయన ఒక్కడే, డోలును పసిపిల్లలా పొదివి పట్టుకుని దిగాడు.

"తంబు ఏదిరా?"

"ఇదే కాకా."

"గిదేంది?"

"తంబు."

యాకోబు కాక ఆటో వెనక్కి వెళ్లి చూశాడు. సీటు కింద చూశాడు. ఆటో పైన చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు. మొదటి చినుకు ఆయన కళ్లద్దం మీద పడింది. ఇక చెప్పేదేముంది, కుర్చీలు తల మీద పెట్టుకుని జనం పరుగెత్తారు. ప్రసంగీకుడు నోవహు దినాల గురించి సిద్ధమై వచ్చినవాడు, ఓడ లేకుండానే తడిసిపోయాడు. ఈయన మాత్రం చొక్కా విప్పి డోలుకు కప్పి, వానలో నిలబడి, "నేను జెప్పలేదా, తంబు అని" అంటూ కనబడినవాళ్లందరినీ అడిగాడు.

అప్పటి నుంచి యాకోబు కాకకు ఆ డోలు పేరెత్తితే చాలు, మండిపడేవాడు. అది గుడి గడప తొక్కకూడదని పెద్దల సభలో తీర్మానం చేయించాడు.

ఈయనకు కావలసింది మాత్రం ఒక్కటే. ఈస్టరు తెల్లవారుజామున మా సంఘం పాటలు పాడుకుంటూ గోదావరి ఒడ్డుకు నడిచి వెళ్తుంది, పొద్దుపొడుపు ఆరాధనకు. ఆ ఊరేగింపులో డోలు మోగాలి. ప్రతి ఏడూ మట్టల ఆదివారం దాటగానే పెద్దల ముందుకు వచ్చి అడిగేవాడు. ప్రతి ఏడూ కాదనిపించుకునేవాడు.

ఒక ఏడు పెద్దల మనసు మెత్తబరచాలని సూపు కాచాడు. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక గుడి వరండాలో పెద్ద గుండిగ పెట్టాడు. అయితిలో దొరలు బానిసల చేత గుమ్మడి పండించుకుని, ఆ సూపు బానిసలు ముట్టకూడదన్నారట. స్వతంత్రం వచ్చిన రోజు అందరూ అదే కాచుకున్నారట. ఆ రోజు జనవరి ఒకటి. ఇప్పటికీ ప్రతి ఇంట్లో అదే తాగుతారట. ఈ కథంతా మైకులో చెప్పి, ఒక్కొక్కరి గిన్నెలో పోశాడు. మావాళ్లు అప్పటికే బగారన్నం పెట్టుకుని కూర్చున్నారు. పోసింది పోసినట్టు అన్నంలో కలుపుకున్నారు.

"సాంబారు మంచిగైందన్నా," అన్నాడు ఒకాయన.

"సాంబారు గాదు, స్వాతంత్ర్యం," అన్నాడు ఈయన, కళ్లనీళ్లు తిరుగుతుండగా.

"గదే. ఇంకింత పొయ్యి."

ఈ ఏడు పెద్దల సభ జరిగినప్పుడు స్త్రీల సమాజం తరఫున నేనూ కూర్చున్నాను. యాకోబు కాక, అయ్యగారు, ఇంకా ఇద్దరు. ఈయన నిలబడి చేతులు కట్టుకున్నాడు. అప్పటికే మనిషి దిగిపోయాడు. దవాఖానలో గుండె పెరిగిందన్నారు. మెట్లెక్కితే దమ్ము అందడం లేదు.

"ఏందిరా ఈసారి?" అన్నాడు యాకోబు కాక.

"ఈస్టరుకు రారా కాకా."

యాకోబు కాక కుర్చీలోంచి సగం లేచాడు.

"ఎవర్ని?"

"ఎవర్నీ గాదు. రారా."

"నన్ను రారా అంటున్నవా?"

"నిన్నెందుకంట కాకా! గా ఊరేగింపు పేరే రారా. శ్రమదినాలంత వీధులు తిరుగుతరు. ఈస్టరునాడు ముగిస్తరు."

"ఎవరు?"

"రారా వాళ్లు."

"మళ్ల అన్నడు సూడు!"

అయ్యగారు కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఫోను తీసి, "నేను చూశాను బ్రదర్. ఆ ఊరేగింపుల్లో దయ్యాల పూజలూ ఉంటాయని రాశారు," అన్నారు.

"ఉంటయ్ అయ్యగారూ. దాస్తలేను. అందరు ఒక్కతీరుగ ఉండరు. నన్ను తీస్కపోయిన అవ్వ జపమాల పట్టుకొనే నడిచింది. మన దగ్గర బోనం ముందల కొట్టేది గా డప్పే, పెండ్లిల కొట్టేది గా డప్పే. మ్యాకతోలు ఎవ్వలకూ మొక్కదు."

ఈ విషయం నేను చాలా రోజులు ప్రార్థనలో పెట్టాను. బంగారు దూడ చుట్టూ జనం ఆడారు. దేవుని మందసం ముందు దావీదు ఆడాడు. ఆట ఒకటే అయి ఉంటుంది. దేని ముందు అన్నదే తేడా. ఇది నేను సభలో చెప్పాను కూడా. అయ్యగారు తల ఊపారు. యాకోబు కాక ఊపలేదు.

"కట్టె ఏ దేశందన్న కానీ. తోలు మన ఊరి మ్యాకది. మన ఊళ్లెనే మూపిచ్చిండు. గది డప్పే."

"డప్పు గాదు కాకా, తంబు."

"డప్పే! బిడ్డా, నీకు తెల్వది." ఇది నాతో. "చిన్నప్పుడు మా తాత ఎనక నేను డప్పు కొట్టిన. సావుకు పిలిస్తె పోవాలె. జెరమొచ్చినా పోవాలె. డప్పోడా అని పిలుస్తుండె. గదే పేరు నాకు. బాప్తిస్మం తీస్కున్ననాడు డప్పు పుల్లలు పారేసిన, యాకోబునైన. గా పిలుపు మళ్ల ఎవ్వడు పిలువలే. గిప్పుడు పండుగనాడు, తెల్లబట్టలేస్కొని, అందరు జూస్తుంటె, మళ్ల మెడల ఏస్కోవాల్నా?"

అయ్యగారు ఫోను జేబులో పెట్టేసుకుని, ప్రార్థన చేసి సభ ముగించారు.

బయటికి వచ్చాక ఈయన గోడకు ఆనుకుని దమ్ము తీసుకున్నాడు. "కాక అన్నది నిజమే చెల్లె. మా నాయన గూడ గంతే. బతుకంత డప్పేస్కొని సచ్చినోళ్ల ముందల నడిచిండు, నన్ను మాత్రం ముట్టనియ్యలే. అయితిల జూసినంక నాకు నిద్ర పట్టలే. డోలు కొట్టేటోడు ముందల, ఎనక ఊరు మొత్తం, సదువుకున్నోళ్లు, సార్లు, దుకాణపోళ్లు. ఆయన ఎనక నడుసుడు వాళ్లకు గొప్ప. నేను ఒక్కపారి సచ్చి లేచినోని ముందల నడువాలె. వచ్చే ఏడు ఈస్టరు నాది గాదు. ఎట్లన్న ఇప్పియ్యి."

నేను యాకోబు కాక ఇంటికి వెళ్లి అడిగాను. "ఊరేగింపులకు రావద్దు. గంతే. ఆయన గేటు కాడ ఆయన ఏమన్న చేసుకోని. గేటు నాది గాదు," అన్నాడు. అదే సమాధానం పట్టుకుని వచ్చి చెప్పాను. "గేటైతె గేటే," అన్నాడు.

ఈస్టరు తెల్లవారుజామున తెల్లబట్టలతో, కొవ్వొత్తులతో బయలుదేరాం. ముందు యాకోబు కాక, పక్కన అయ్యగారు, వెనక ఆటోలో కీబోర్డు, మైకు. మలుపు తిరిగేసరికి నీలం ఎరుపు గేటు తీసి ఉంది. గడప మీద ఈయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, డోలు మెడలో తగిలించుకుని నిలబడ్డాడు. వెనక వదిన మందుల సంచి పట్టుకుని, పడిపోతే పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. మేం దగ్గరికి రాగానే కొట్టడం మొదలుపెట్టాడు.

రాత్రి ఒక జల్లు పడి తోలు మెత్తబడింది. డోలులోంచి తడిబట్ట ఉతుకుతున్నట్టు దబ్ దబ్ అని చప్పుడు. దానికి తోడు ఆయన దెబ్బ సంగతి చెప్పాను కదా. మేం పాడుతున్న పాట ఒక కాలు మీద నడుస్తుంటే, ఆయన దెబ్బ దానికి అడ్డంగా ఇంకో కాలు పెట్టింది. ముందు వరుస వాళ్లు అడుగు తప్పారు. వెనకవాళ్లు వాళ్ల మడమలు తొక్కారు. కీబోర్డు వాయించే అబ్బాయి ఆపేశాడు. ఊరేగింపు నడిరోడ్డు మీద నిలిచిపోయింది. ఎదురుగా చాయ్ హోటల్ దగ్గర ఫస్టు షిఫ్టు బస్సు కోసం చూస్తున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని మా వైపు తిరిగారు.

యాకోబు కాక ముఖం చిట్లించి, కళ్లు మూసుకుని ఓర్చుకున్నాడు. ఇంకో దెబ్బ తప్పింది. ఇంకోటి.

"ఆపురా!"

ఈయన ఆపాడు.

"కాచినవా?"

"ఏంది కాకా?"

"తోలు కాచినవా అంటున్న. మెత్తగయింది కనవడ్తలేదా? కాగకుంట ఎట్ల పల్కుతది?"

"మంట మీద పెట్టాల్నా? కాలదా?"

యాకోబు కాక పళ్లు కొరికాడు. "నడువు," అని ఆయన్ని రెక్క పట్టుకుని రోడ్డు దాటించి, చాయ్ హోటల్లో బొగ్గుల పొయ్యి దగ్గరికి తీసుకుపోయాడు. కెటిల్ పక్కకు జరిపించాడు. తెల్లపంచె ఎగగట్టుకుని గొంతుక్కూర్చుని, డోలును పక్కకు వంచి సెగకు చూపిస్తూ మెల్లగా తిప్పాడు. హోటల్ యజమాని సాయిబు చూస్తూ, "క్యా చాచా, డప్పుకు గూడ చాయ్ తాపుతున్నరా?" అన్నాడు. యాకోబు కాక గోటితో తోలును తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ తట్టాడు. ఈసారి గోటి కింద డోలు కంచులా పలికింది.

"గిప్పుడు కొట్టు."

ఈయన మెడలో వేసుకుని కొట్టాడు. తోలు బాగైంది కాబట్టి ఇప్పుడు తప్పులన్నీ ఇంకా స్పష్టంగా వినిపించాయి.

"అరె, గట్ల గాదు! ఆడ ఆగాలె. ఆగి పట్టాలె. ఇటియ్యి."

ఈయన ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. నేను దగ్గరే ఉన్నాను కాబట్టి చెప్పగలను, ఆ ముఖంలో బాధ వెతికితే దొరకలేదు. ఎన్నేళ్లుగానో ఎవరైనా ఆ మాట అంటారా అని మోసుకు తిరిగినట్టు డోలు తీసి యాకోబు కాక మెడలో వేశాడు. యాకోబు కాక పొయ్యి రాజేసే కట్టెల మోపులోంచి ఒక లావు పుల్ల, ఒక సన్నపుల్ల ఏరి విరిచాడు. మొదటి దెబ్బ వేశాడు.

సర్దారుగా చేసిన ఆ గొంతు విన్నాను. సంఘంలో ఆయన ప్రార్థన విన్నాను. ఆ మనిషిలో ఇది ఉందని మాత్రం ఎప్పుడూ తెలియలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ల చేతుల్లో గ్లాసులు ఊగాయి. కీబోర్డు అబ్బాయి నోరు తెరిచాడు. మా వెనక ముసలి అక్క ఒకామె, ఎప్పుడూ తల ఎత్తనిది, "ఒర్నీ" అంది. ఈయన చేతులు చాచి, పాదాలు నేలకు ఆనించి, నడుము వదిలేశాడు. దమ్ము అందక నోరు తెరుచుకునే ఆడుతున్నాడు. వదిన మందుల సంచి పట్టుకుని "మెల్లగ, మెల్లగ" అంటూ పక్కన నడుస్తోంది. అలా ఊగుతూనే ఆయన ఊరేగింపు ముందుకు, అందరికంటే ముందుకు వెళ్లాడు. యాకోబు కాక ఆయన వెనకే కొట్టుకుంటూ కదిలాడు.

అయ్యగారు గాభరాగా పరుగెత్తుకొచ్చారు. సంఘంలో సగం మంది నవ్వుతున్నారు, సగం మంది ఏం చేయాలో తెలియక అయ్యగారి వైపు చూస్తున్నారు. "యాకోబన్నా, తీర్మానం ఉంది కదా. ఇది... ఇదేంటన్నా?" అన్నారు.

ఈయన ఆడుతూనే వెనక్కి తిరిగి, ఇన్నేళ్లూ చెప్పిన మాటే చెప్పబోయాడు. "డప్పు గాదయ్యగారూ, గిది..."

"డప్పే," అన్నాడు యాకోబు కాక. చెమట ఆయన గడ్డం మీదుగా తెల్లచొక్కాలోకి కారుతోంది. చేతులు ఆగలేదు. "డప్పే అయ్యగారూ. నడువుండ్రి, పొద్దు పొడుస్తంది."